కండ కరుగుతుంటే మెచ్చుకోకండి

అధ్యక్షులకు, పెన్షనర్ల సంఘం పెద్దలకు నమస్కారం. శాలువాలు చివర్లో చూసుకుందాం. ఇవాళ నవంబరు 14, ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు. షుగర్ అంటే కళ్లు, కిడ్నీలు, పాదాలు అని అందరూ చెబుతారు. ఫిజియోథెరపిస్టుని కాబట్టి నేను కండ గురించి చెబుతాను.

మా మేనమామ అరక దున్నిన మనిషి. షుగర్ అదుపు తప్పి ఏడాదిలో చిక్కిపోయారు. చూసినవాళ్లంతా "బాగా తగ్గావు, మంచిదేలే" అన్నారు. ఒక పెళ్లిలో బంతిలో కూర్చున్న మనిషి లేవలేకపోయారు. ఇద్దరు చంకల్లో చేతులేసి లేపారు. ఆయన తొడ నా రెండు చేతుల్లో ఇమిడిపోయింది. డాక్టరు అంతకు ముందే ఇన్సులిన్ రాశారు. "అది ఆఖరి మందు, మొదలుపెడితే అంతే" అని చుట్టాలే ఆపించారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇన్సులిన్ చక్కెర తగ్గించడమే కాదు, కండలో ప్రోటీన్ విరిగిపోకుండా కూడా ఆపుతుంది. అది చాలకపోతే కండ కరిగి అమైనో ఆమ్లాలుగా, అంటే ప్రోటీన్ విరిగిన ముక్కలుగా, రక్తంలోకి వస్తుంది. కాలేయం వాటితో మళ్లీ చక్కెరే తయారు చేస్తుంది. అందుకే కడుపు మాడ్చుకున్నా షుగర్ దిగదు. ఈ జబ్బులో ఒంట్లో మాంసం కరిగి మూత్రంలో పోతుందని అరెటేయస్ అనే గ్రీకు వైద్యుడు ఎప్పుడో రాశాడు. 1922 జనవరిలో టొరంటోలో మొదటగా ఇన్సులిన్ తీసుకున్న లియొనార్డ్ థాంప్సన్‌కి 14 ఏళ్లు, బరువు దాదాపు 29 కిలోలు. ఇన్సులిన్‌తోనే ఆ పిల్లవాడు కోలుకున్నాడు. ఆఖరి మందు అంటారా దాన్ని? మన పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 షుగర్‌లో కండ అంత వేగంగా పోదు. ఏళ్ల మీద పోతుంది, వయసూ తోడవుతుంది, అందుకే కనిపెట్టలేం.

ఒక్క నిమిషం, ముందు వరసవాళ్లు! మోకాళ్ల నొప్పి, కళ్లు తిరగడం లేకపోతే చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. 15 సెకన్లు దాటిందా? కాళ్లలో బలం తగ్గి ఉండొచ్చు. ఈసారి డాక్టరుకి హెచ్‌బీఏ1సీతో (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్షతో) పాటు ఇదీ చెప్పండి.

అమ్మా, మీకొక మాట. షుగరని పప్పు, గుడ్డు, పెరుగు మానేసి రెండు పుల్కాలతో రాత్రి గడిపేస్తున్నారు. గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడిగే పెంచుకోండి. తిన్నది కండకు పట్టాలంటే షుగర్ అదుపులో ఉండాలి, కాళ్లకు పని ఉండాలి.

ఇన్సులిన్ రాయించుకుని ఫ్రిజ్‌లోనే ఉంచేసినవాళ్లు మీటింగ్ అయ్యాక ఆగండి. మా సిస్టర్ వచ్చారు. సూది ఎంత సన్నగా ఉంటుందో, పొట్ట మీద ఎక్కడ వేసుకోవాలో చూపిస్తారు.