హోమ్‌బ్రూ పేల్ ఏల్ రివ్యూ: ఇది చేదా, వగరా?

నమస్తే అండీ. ఇవాళ మన టేబుల్ మీద ఉన్నది 5 గ్యాలన్ల, అంటే 19 లీటర్ల బ్యాచ్‌లోంచి తీసిన పేల్ ఏల్, అంటే ఇంట్లో కాచిన లేత రంగు బీరు. రంగు బాగుంది, నురగ నిలబడింది, వాసన కమ్మగా ఉంది. నోట్లో పోసుకుంటే మాత్రం కాకరకాయ కషాయం. ఎక్కడ చెడిందో చూద్దాం. ఇది అమెరికాలో కాచుకునే మనవాళ్ల కోసం. ఇండియాలో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు కేసవుతుంది, జాగ్రత్త.

ఒక గుక్క మింగి పది సెకన్లు ఆగండి. నాలుక వెనకాల, గొంతు దగ్గర పట్టుకుని వదలకపోతే అది చేదు. చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు ఎండిపోయి, పచ్చి అరటికాయ కొరికినట్టు ఉంటే అది వగరు. చేదు హాప్స్‌ది, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలది; వగరు బార్లీ గింజ పొట్టుది. ఈ తేడా పట్టుకోకుండా హాప్స్ తగ్గించుకుంటూ పోతే వగరు అలాగే ఉంటుంది, ఉన్న వాసన కూడా పోతుంది.

ముందు చేదు సంగతి. ఈ రెండు హాప్స్ ప్యాకెట్లు దగ్గరగా చూడండి. ఇది కాస్కేడ్ రకం, ఆల్ఫా ఆసిడ్ (చేదునిచ్చే పదార్థం) 5.5 శాతం. ఇది కొలంబస్, 15 శాతం. 1.050 గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత) ఉన్న 19 లీటర్ల బార్లీ రసంలో 28 గ్రాముల కాస్కేడ్ గంటసేపు మరిగితే టిన్‌సెత్ లెక్కలో, అంటే చేదు అంచనా వేసే సూత్రంలో, 19 ఐబీయూ (చేదు కొలత) వస్తుంది. కాస్కేడ్ దొరకలేదని అదే 28 గ్రాములు కొలంబస్ వేస్తే 51. వేయాల్సింది 10 గ్రాములే! అందుకే 0.1 గ్రాము చూపించే త్రాసు కొనమంటాను. ఈ మొత్తం సామాన్లో నా ఫుల్ మార్కులు దానికే.

రెండో అనుమానం చల్లార్చడం మీద. మంట కట్టేసినా 80 డిగ్రీల సెల్సియస్ పైన చేదు దిగుతూనే ఉంటుంది. కుండ అరగంట అలాగే వదిలేస్తే, వాసన కోసం చివర్లో వేసిన హాప్స్ కూడా చేదుకే పోతాయి. 75కి దించాక వేసి, 20 నిమిషాలు ఉంచండి.

నీళ్లలో సల్ఫేట్ పెంచి చేదుకి పదును పెట్టే జిప్సం పొడిని చెంచాలతో వేయకండి. 19 లీటర్లలో 5 గ్రాములు వేస్తే సల్ఫేట్ దాదాపు 147 పీపీఎం (పది లక్షల్లో 147 వంతులు) పెరుగుతుంది. కుళాయి నీళ్లలో ముందే ఉంటే చేదు గీరుకున్నట్టు తగులుతుంది. మీ ఊరి వాటర్ రిపోర్టు చూసుకున్నాకే వేయండి.

ఇక వగరు. గింజలు కడిగే నీళ్లు 77 డిగ్రీలు దాటినా, కారే రసం పీహెచ్ 6కి చేరినా పొట్టులోంచి టానిన్లు, అంటే వగరు పదార్థాలు, దిగుతాయి. ఎక్స్‌ట్రాక్ట్‌తో (ముందే తీసి పెట్టిన బార్లీ పాకంతో) చేసేవాళ్లు గింజల సంచీని మరిగే నీళ్లలో మర్చిపోతారు, దాని ఫలితమూ ఇదే. పీహెచ్ స్ట్రిప్పులు నాకు నచ్చలేదు, ఆ రంగులో ఏదీ తేలదు. మీటర్ తీసుకుని పీహెచ్ 4, 7 ఉన్న బఫర్ ద్రావణాలతో సరిచూసి, శాంపిల్ 25 డిగ్రీలకి చల్లారాక ముంచండి.

డ్రై హాప్ చేసిన, అంటే మరిగించకుండా బీరులోనే హాప్స్ నానబెట్టిన, కొత్త బీరు గొంతులో మండితే కంగారు పడకండి. ఫ్రిజ్‌లో 2 డిగ్రీల దగ్గర వారం ఉంచి మళ్లీ రుచి చూడండి. ఈస్ట్, హాప్ నలుసులు అడుక్కి దిగితే చాలావరకు తగ్గుతుంది.

51 ఐబీయూ బ్యాచ్‌ని పారబోయక్కర్లేదు. 15 ఐబీయూ బీరుతో సగం సగం కలిపితే 33 అవుతుంది. సీసాలు తెరిచి కలిపి మళ్లీ మూత బిగిస్తే మాత్రం ఆక్సిజన్ తగిలి అట్టముక్క రుచి వస్తుంది. తాగేటప్పుడు గ్లాసులోనే కలుపుకోండి.