కీచురాయికి చెవులెక్కడ?

శ్రోతలకు నమస్కారం.

ఇది వానల కాలం. జల్లు వెలిసిన సాయంత్రం టీవీ కట్టేసి, ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే వాళ్లను వెంటబెట్టుకుని అరుగు మీదో మేడ మీదో కాసేపు కూర్చోండి. కళ్లు మూసుకోమనండి. కొత్త చప్పుడు వినపడినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. చూరు నుంచి జారే నీళ్లు, గూటికి చేరే కాకులు, వీధి మలుపులో ఆటో, పక్కింటి కుక్కర్ విజిల్... ఉన్న వేళ్లు చాలకపోవచ్చు.

ఇక్కడే మనం పెద్దవాళ్లం తొందరపడతాం. "అది కప్ప, ఇది కీచురాయి" అని చెప్పేస్తాం. పేరు తెలిసిందంటే పిల్లలు వెతకడం మానేస్తారు. దయచేసి పేరు కాస్త ఆలస్యంగా చెప్పండి. ఎటునుంచి వస్తోంది? దగ్గరా, దూరమా? మనం నడిస్తే ఆగిపోతోందా? ముందు ఇవి అడగండి.

కీచురాయినే తీసుకుందాం. మెల్లగా దగ్గరికి వెళ్లినా చటుక్కున ఆగిపోతుంది. మన అడుగుల అదురు దానికి తెలిసిపోతుంది మరి. కదలకుండా నిలబడితే మళ్లీ మొదలెడుతుంది. ఆ కూత నోటిది కాదు, రెక్కలది. మగ కీచురాయికి ఒక రెక్క అడుగున వరుసగా సన్నని పళ్లుంటాయి. రెండో రెక్క అంచు వాటికి రాసుకుంటే ఆ కీచు పుడుతుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీకి చూపించండి, పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఇక దాని చెవులంటారా, ముందుకాళ్ల మీద, మోకాలికి కాస్త కిందుగా ఉంటాయి! ఈ సంగతి చెప్పగానే పిల్లలు తమ మోకాళ్లు తడుముకుని చూసుకుంటారు.

వెచ్చగా ఉన్న రాత్రి కీచురాయి గబగబా కూస్తుంది, చలిరాత్రి నింపాదిగా. ఆ కూతల్ని లెక్కబెట్టి ఉష్ణోగ్రత అంచనా వేసే సూత్రాన్ని అమెరికా శాస్త్రవేత్త ఏమోస్ డోల్బేర్ 1897లో ప్రచురించారు. అది అన్ని జాతులకూ కుదరదు. అయినా జూన్ రాత్రికీ డిసెంబరు రాత్రికీ తేడా పిల్లల చెవికి అందుతుంది.

చెరువుగట్టు దగ్గర బెకబెకలు దాదాపు అన్నీ మగకప్పలవే, ఆడకప్పల్ని పిలుస్తుంటాయి. నోరు మూసుకునే అంత గోల చేస్తాయి. గాలి ఊపిరితిత్తులకూ గొంతు సంచికీ మధ్య తిరుగుతుంటుంది.

ఉరుములొస్తే మాత్రం ఇంట్లోకి వచ్చేయండి. మెరుపు కనపడగానే ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టించండి. ఉరుము మూడు సెకన్లకు వినపడితే మెరుపు సుమారు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. లెక్కలో పడి పిల్లలు భయం కూడా కాస్త మరిచిపోతారు.

వినికిడి లోపమున్న పిల్లల్ని ఈ ఆటకు దూరం పెట్టకండి. ఊదిన బెలూన్‌ను రెండు అరచేతుల మధ్య పట్టుకుని రేడియోకి దగ్గరగా ఉంచితే, శబ్దం అదురుగా చేతులకు తెలుస్తుంది. నా తర్వాత వచ్చే పాటకే ప్రయత్నించి చూడండి. డప్పు, మృదంగం ఉన్న పాటైతే ఇంకా బాగా తెలుస్తుంది.

సెలవు.