ఒక కత్తికి రెండు వయసులు

[దృశ్యం: నల్లని గుడ్డ మీద పాత కత్తి. కెమెరా మెల్లగా పిడి దగ్గరికి వస్తుంది.]

నమస్తే. ముందు ఈ పిడి చూడండి. ఇనుప కమ్మీలతో అల్లిన బుట్టలా ఉంది కదా! చెయ్యి పెడితే పిడికిలి మొత్తం లోపలే ఉంటుంది. స్కాట్లాండ్‌లోని కొండ ప్రాంతమైన హైలాండ్ వీరుల బాస్కెట్ హిల్ట్, అంటే బుట్ట పిడి, కత్తి ఇది.

ఇలాంటిది కనబడగానే అందరూ అడిగేది ఒకటే: ఇది ఎన్నేళ్ల నాటిది? ఆ ప్రశ్న అలుగుకు, అంటే పదునుండే ఇనుప భాగానికి, ఒకసారి, పిడికి ఒకసారి వేయాలి. అలుగు ఎక్కువగా జర్మనీ నుంచి వచ్చేది, పిడి స్కాట్లాండ్‌లో బిగించేవారు. పైగా మంచి అలుగును ఎవరూ పారేయరు. తాత అలుగుకు మనవడు కొత్త పిడి వేయించుకోవడం అక్కడ మామూలే.

[దృశ్యం: అలుగు మీద అక్షరాలు, క్లోజప్.]

చాలా కత్తుల మీద 'ఆండ్రియా ఫెరారా' అన్న పేరు ఉంటుంది. 16వ శతాబ్దంలో ఇటలీలోని బెల్లూనోలో పని చేసిన గొప్ప కమ్మరి ఆయన. పేరు చూసి, అంత పాతదా అని సంబరపడకండి. జర్మనీలోని సోలింగెన్ ఊరి కమ్మరులు ఆయన పోయిన తర్వాత కూడా తరాల పాటు ఆ పేరు కొట్టి స్కాట్లాండ్‌కు అమ్మారు. స్పెల్లింగ్ కూడా ఒక్కో కత్తి మీద ఒక్కోలా ఉంటుంది. అది నాణ్యత గుర్తే కానీ తేదీ కాదు. పరిగెత్తే తోడేలు బొమ్మ కూడా అంతే. మొదట జర్మనీలోనే పాసౌ అనే ఊరి ముద్ర అది, తర్వాత సోలింగెన్ వాళ్లూ వేశారు.

కొన్ని రాతలు మాత్రం నిజంగా కాలం చెబుతాయి. 'స్కాట్లాండ్ వర్ధిల్లాలి, విలీనం వద్దు' అనే అర్థం వచ్చే మాటలున్న అలుగు దొరికితే, అది 1707లో ఇంగ్లండ్‌తో జరిగిన విలీనం మీద కోపంతో పుట్టింది. నాకు ఈ అలుగులంటే ప్రాణం.

[దృశ్యం: పిడి లోపలి వైపు, టార్చ్ వెలుగులో.]

ఇప్పుడు పిడి. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధ నౌక మేరీ రోజ్‌లో కూడా బుట్ట పిడి కత్తి దొరికింది, కాబట్టి ఈ పద్ధతి అప్పటికే ఉంది. 18వ శతాబ్దానికి కమ్మీల మధ్య పలకలు, వాటిలో గుండె ఆకారపు రంధ్రాలు, చుక్కలు వచ్చాయి. గ్లాస్గో, స్టిర్లింగ్ ఊళ్లు దీనికి పేరు. స్టిర్లింగ్‌లో వాల్టర్ అలన్ అనే పిడుల పనివాడు తన పేరు పొడి అక్షరాల కింద ఊరికి గుర్తుగా 'ఎస్' కొట్టేవాడు. అలాంటి ముద్ర దొరికితే సగం పని అయిపోయినట్టే.

1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడాక, హైలాండ్ జనం దగ్గర ఆయుధాలు ఉండకూడదని బ్రిటిష్ ప్రభుత్వం అంది. ఆ తర్వాతి కత్తులు ఎక్కువగా సైన్యానివే. సాదా పిడి, పలుచని రేకు, జెఫ్రీస్ లేదా డ్రూరీ అనే తయారీదారు పేరు. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జ్ స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వచ్చాక హైలాండ్ వేషం మళ్లీ ఫ్యాషన్ అయింది, దాంతో పాత ముక్కలు కలిపి బిగించిన కత్తులూ పెరిగాయి. విక్టోరియా కాలపు ఆఫీసర్ కత్తులు తేలిక: అలుగు మీద విక్టోరియా రాణి గుర్తు 'వీ ఆర్' ఉంటే 1837 నుంచి 1901 మధ్యది. కత్తులు చేసే విల్కిన్సన్ కంపెనీ నంబరు ఉంటే ఆ కంపెనీ రిజిస్టర్‌లో ఏడాదే దొరకవచ్చు.

పిడి, అలుగు కలిసే చోట సందు ఉందా, పిడి చివరి గుండు మీద సుత్తి దెబ్బలు కొత్తగా మెరుస్తున్నాయా చూడండి. రెండింటి తుప్పు రంగు కలవకపోతే అనుమానించాలి. దయచేసి ఉప్పుకాగితంతో రుద్దకండి! ఆ నల్లదనం పోతే సాక్ష్యం పోతుంది.

[దృశ్యం: దక్కన్ కత్తి బొమ్మ.]

మన దక్కన్‌లోనూ ఇదే కథ. యూరప్ అలుగుకు మన పిడి బిగించిన కత్తిని ఫిరంగి అనేవారు. మనకు ఫిరంగి అంటే గుండ్లు పేల్చేది, ఇక్కడ ఆ మాటకు విదేశీయుడని అర్థం. ఇలాంటిది కొనాలనుకుంటే, వందేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమ్మేవాడికి లైసెన్స్ ఉందా అడగండి, అనుమతి లేకుండా దేశం దాటించకండి. ఆయుధ చట్టం సంగతి మీ పోలీస్ స్టేషన్‌లో ముందే కనుక్కోండి.