రెండు చెక్కుల మధ్య బతుకు

అందరికీ నమస్కారం. స్క్రిప్టు ఎలా రాయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రాసి ఎలా బతకాలో చెప్పమని నన్ను పిలిచారు కాబట్టి, ఈ పూట అచ్చంగా డబ్బు గురించే మాట్లాడతాను. కళ గురించి వినాలని వచ్చినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ఈ పనిలో డబ్బు నెలనెలా రాదు. సంతకం పెట్టినప్పుడు కొంత, ట్రీట్‌మెంట్ (స్క్రిప్టుకి ముందు కథని వివరంగా రాసిచ్చే కాగితాలు) ఇచ్చాక కొంత, మొదటి డ్రాఫ్టుకి కొంత, తిరగరాసినందుకు కొంత. చివరి వాయిదాని చాలాసార్లు షూటింగ్ మొదలయ్యే రోజుకి ముడిపెడతారు. ఆ రోజు రాకపోతే? హీరో డేట్లు కుదరకపోవచ్చు, పెట్టుబడి పెట్టేవాడు వెనక్కి తగ్గొచ్చు. మీ పని మాత్రం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అందుకని అగ్రిమెంటులో పెద్ద అంకె చూసి మురిసిపోకండి. మీరు రాసి ఇవ్వగానే వచ్చేదెంత, ఎవరో తీసుకోబోయే నిర్ణయం మీద ఆధారపడిందెంత, విడదీసి చూసుకోండి. ఇంటద్దె లెక్కలోకి మొదటిదే రావాలి.

ఇక అందరికీ తగిలేది 'చిన్న మార్పులు'. "రెండు రోజుల పనే సార్" అని ఫోనొస్తుంది. వెళ్తే హీరోయిన్ అన్నయ్య పాత్ర తీసేయమంటారు. అన్నయ్య పోతే కథ మధ్యలో మలుపు పోతుంది. మలుపు పోతే సెకండాఫ్‌లో విలన్‌కి హీరో మీద కోపమే ఉండదు. అప్పుడు మీరు రాసేది మార్పు కాదు, ఇంకో స్క్రిప్టు! ఇచ్చే డబ్బులో ఎన్నిసార్లు తిరగరాయాలి, ఆపైన ప్రతిసారికీ ఎంత, అభిప్రాయం చెప్పడానికి వాళ్లకెంత గడువు అన్నవి కాగితం మీద ఉండాలి. ఇవన్నీ అడిగితే ఛాన్సు పోతుందేమోనని టెన్షన్. కొన్నిసార్లు పోతుంది కూడా, అబద్ధం చెప్పను.

పని లేని నెలల బాధ పెద్ద పరిశ్రమల్లోనూ ఉంది. 1960లో హాలీవుడ్ రచయితలు దాదాపు ఐదు నెలలు సమ్మె చేశారు. సినిమాని టీవీలో వేసినప్పుడు రచయితకి వాటా ఇవ్వాలన్న ఏర్పాటు, దాంతోపాటు పెన్షన్ నిధి, అప్పుడు సాధించుకున్నవే. 2023లో మళ్లీ 148 రోజులు పెన్నులు కింద పెట్టారు. స్ట్రీమింగ్ వచ్చాక ఆ వాటా చిక్కిపోయింది, సిరీస్‌లు పొట్టివై పనిచేసే వారాలు తగ్గాయి. ఏఐ భయం సరేసరి. పేపర్లన్నీ ఏఐ గురించే రాశాయిగానీ, నన్నడిగితే వారాలు తగ్గడమే అసలు దెబ్బ.

పూర్తికాలం రాసి బతికేవాళ్లు సొంత కథల మీదే బతుకుతున్నారనుకోకండి. ఇతరుల స్క్రిప్టులకి మెరుగులు దిద్దడం, నవలని సినిమాకి మలచడం, సీరియల్ ఎపిసోడ్లు రాయడం, ఎక్కువమందికి ఇవే అన్నం పెడతాయి. కొన్నిటికి తెర మీద పేరు కూడా పడదు. అలాంటప్పుడు డబ్బు ముందే తీసుకోండి.

చివరగా ఆప్షన్ సంగతి. మీ స్క్రిప్టుని పూర్తిగా కొనకుండా, ఏడాదో ఏడాదిన్నరో ఇంకెవరికీ ఇవ్వొద్దని కొద్ది మొత్తం ఇస్తారు. గడువులోగా కొనకపోతే, పొడిగించకపోతే హక్కులు మళ్లీ మీవే. సాధారణంగా తీసుకున్న డబ్బు తిరిగివ్వక్కర్లేదు, అయినా ఆ ముక్క అగ్రిమెంటులో ఉందో లేదో చూసుకోండి. గడువు తేదీ ఫోన్లో పెట్టుకుని, మర్నాడే ఇంకో నిర్మాతకి కథ వినిపించండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.