సీఎన్‌సీ తినే కరెంటు, మిగిల్చే లోహం

(స్టూడియో చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: ప్రొడక్షన్ ఇంజనీరింగ్ అధ్యాపకురాలు, హైదరాబాద్ బాలానగర్‌లో మెషిన్ షాప్ నడిపే యజమాని)

వ్యాఖ్యాత: లోహాన్ని తిప్పుతూ చెక్కే చేతి లేత్ తీసేసి, కంప్యూటర్ ప్రోగ్రాంతో చెక్కే సీఎన్‌సీ యంత్రం పెడితే పర్యావరణానికి మేలని చాలామంది అంటున్నారు. మీరేమంటారు మేడమ్?

అధ్యాపకురాలు: ముందు కరెంటు ఎటు పోతోందో చూడాలండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డాహ్మస్, గుటోవ్‌స్కీ అనే పరిశోధకులు 2004లో ఈ లెక్క తీశారు. తిరిగే కత్తితో లోహాన్ని చెక్కే పాత చేతి మిల్లింగ్ యంత్రం పూర్తి లోడ్ మీద నడిచినప్పుడు దాదాపు మూడింట రెండు వంతుల కరెంటు లోహం కోతకే వెళ్లింది. భారీ ఎత్తున భాగాలు తయారుచేసే ఆటోమేటిక్ యంత్రంలో కోత వాటా 15 శాతం దాటలేదు. మిగిలినదంతా కోతను చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) తోడే పంపులు, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్స్ వంటివాటికే!

యజమాని: అవును. లేత్ నడిపే టర్నర్, జాబ్‌ను అంటే చెక్కుతున్న ముక్కను కొలిచేటప్పుడు లేత్ ఆపేస్తాడు. సీఎన్‌సీని భోజనాల వేళ కూడా ఆపని షాపులున్నాయి. ఆపితే మళ్లీ స్పిండిల్ (యంత్రంలో తిరిగే ఇరుసు) వేడెక్కాలి, కొలత కుదరాలి అంటారు.

వ్యాఖ్యాత: అయితే లేతే మేలా?

అధ్యాపకురాలు: అంత తేలిగ్గా చెప్పలేం. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి కరెంటుతో లోహాన్ని విడదీసే విద్యుద్విశ్లేషణ దశలోనే 13 నుంచి 15 యూనిట్లు కావాలి. అదే కిలోను చెక్కడానికి, కోత వరకే చూస్తే, అర యూనిట్ కూడా పట్టదు. కొలత తప్పి ఒక్క జాబ్ స్క్రాప్‌లో పడితే యంత్రంలో ఆదా చేసిందంతా పోయినట్టే. ఒకే రకం భాగాలు వందల్లో చేసేచోట సీఎన్‌సీకి కొలత తప్పడం తక్కువ, అందుకే అది గెలుస్తుంది.

యజమాని: మరమ్మతు మాటేమిటి మేడమ్? రైస్ మిల్లు షాఫ్ట్ అరిగితే వెల్డింగ్‌తో లోహం నింపి, లేత్ మీద మళ్లీ సైజుకు తెస్తాం. కొత్త ఉక్కు కొనే పనే ఉండదు. ఆ ఒక్క జాబ్ కోసం ఎవరూ ప్రోగ్రాం రాయరు. మా లేత్‌లను పాత సామానంటూ తీసిపారేసేవారు ఇది గమనించాలి.

అధ్యాపకురాలు: మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పర్యావరణ లెక్కల్లో మరమ్మతు కనబడకపోవడం పెద్ద అన్యాయం. ఇంకొకటి చెప్పాలి. విమాన భాగాల్లో కొన్నింటికి, చెక్కడానికి తీసుకున్న లోహపు దిమ్మలో 90 శాతం దాకా తురుముగా పోతుంది. సీఎన్‌సీ ఉంది కదా అని భాగాలను అలా డిజైన్ చేస్తున్నారు. తురుమును మళ్లీ కరిగిస్తే కొత్త అల్యూమినియానికయ్యే శక్తిలో 5 శాతంతో సరిపోతుంది, నిజమే. కానీ రకరకాల మిశ్రలోహాల తురుము ఒకే డబ్బాలో కలిస్తే నాణ్యత పడిపోతుంది.

వ్యాఖ్యాత: కూలెంట్ సంగతి?

అధ్యాపకురాలు: నిమిషానికి లీటర్ల కొద్దీ పోసే పద్ధతి బదులు, గంటకు 50 మిల్లీలీటర్లలోపు నూనెను గాలితో కలిపి చిమ్మే పద్ధతి ఉంది. అన్ని కోతలకూ కుదరదు. కుదిరినచోట తప్పక పెట్టాలి.

యజమాని: వాడేసిన కూలెంట్‌తోనే మాకు చిక్కు. నూనె కలిసిన వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకరమైనవి. పెద్ద కంపెనీ ట్యాంకర్ పిలిపిస్తుంది. నాలుగు యంత్రాల చిన్న షాపు ఒక్క డ్రమ్ము కోసం ఎవరిని పిలవాలి? పారిశ్రామికవాడ మొత్తానికి ఒకే సేకరణ కేంద్రం పెట్టండి, మా వంతు రుసుము మేం కడతాం.