లైబ్రరీలో ఒక బల్ల ఖాళీ చేయండి

శ్రోతలకు నమస్కారం.

మన బళ్లలో లైబ్రరీ పీరియడ్ ఎలా గడుస్తుందో మీకు తెలుసు. బీరువా తాళం తీసి, పిల్లలకు తలా ఒక పుస్తకం ఇస్తారు. గంట కొట్టగానే లెక్కపెట్టి మళ్లీ లోపల పెట్టేస్తారు. ఆ గదిలోనే ఒక బల్ల ఖాళీ చేసి, పిల్లల చేత ఏదో ఒకటి కట్టించమని అడగడానికి ఈరోజు మీ ముందుకొచ్చాను. అది సైన్సు ల్యాబులో చేసుకోవాల్సిన పని కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కడుతున్నప్పుడు పిల్లలకు బోలెడు అనుమానాలు వస్తాయి. అవి చల్లారకముందే పుస్తకం చేతికి అందాలి.

మన డెల్టా పిల్లలకు వంతెన బాగా తెలిసిన వస్తువు. అక్కడ మొదలుపెట్టవచ్చు. రెండు బల్లలను జానెడు దూరంలో పెట్టి, మధ్యలో ఒక కాగితం పరచమనండి. దానిమీద పెన్సిలు పెట్టినా కుంగిపోతుంది. అదే కాగితాన్ని సన్నగా, ఎగుడుదిగుడు మడతలు పెట్టి పరిస్తే పెన్సిళ్ల డబ్బాను కూడా మోస్తుంది. తర్వాత కొబ్బరి ఈనెలు ఇవ్వండి. నాలుగు ముక్కలను మూలల్లో దారంతో కట్టి చదరం చేస్తే, ఒక మూల నొక్కగానే పక్కకు వాలిపోతుంది. ఐదో ముక్కను ఐమూలగా కడితే ఇక కదలదు. ఎందుకు కదలలేదని వాళ్లే అడుగుతారు. అప్పుడు రాజమహేంద్రవరం రోడ్డు కమ్ రైలు వంతెన ఫొటో ఉన్న పుస్తకం తెరవండి. 1974లో రాకపోకలు మొదలైన ఆ వంతెన ఉక్కు కమ్ముల్లో త్రికోణాలను పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు.

ఆ ఊళ్లోనే 1997లో పూర్తయిన ఆర్చి వంతెన కూడా ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక వెదురు బద్ద చాలు. బద్దను వంచి బల్లమీద నిలబెట్టి పైనుంచి నొక్కితే రెండు కొసలూ బయటికి జారిపోతాయి. ఆ కొసలను దారంతో కలిపి కట్టి నొక్కితే జారవు. విల్లుకు నారి చేసే పనే అది. గోదావరి మీద ఆ బిగువును రైలు నడిచే అడుగు భాగం భరిస్తుంది. ఏడో తరగతి పిల్లకు ఇది మాటల్లో చెబితే తల ఊపుతుంది గానీ, చేత్తో నొక్కి చూసినప్పుడే నమ్ముతుంది.

పడవలు, కాలువ లాకులు కూడా చేయించవచ్చు. మట్టి ముద్ద మునుగుతుంది, అదే మట్టిని దొప్పలా చేస్తే తేలుతుంది. కాకపోతే నీళ్ల పని వరండాలోనే జరగాలి. జిగురు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మైదా జిగురు అంటిన చోటికి బొద్దింకలు, పురుగులు చేరి పుస్తకాలు కొరుకుతాయి. అందుకే బల్ల బీరువాకు దూరంగా ఉండాలి, పని అయ్యాక తడిగుడ్డతో తుడవాలి. ఖరీదైన కిట్లు కొనాల్సిన పని లేదు. అట్టపెట్టెలు, ఈనెలు, దారం, కత్తెర చాలు.

టీచర్లకు ఒక మనవి. పిల్లలు కట్టింది కూలిపోతుంటే మీరు చెయ్యి వేయకండి. ఎక్కడ ముందు విరిగిందో చూడమనండి, అంతే. ఇంకో మాట నొక్కి చెప్పాలి. గుంపుగా చేస్తున్నప్పుడు కట్టే పని మగపిల్లలు లాగేసుకుని, ఆడపిల్లలకు రంగు కాగితాలు అంటించే పని మిగులుస్తారు. దీన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. కత్తెర, వెదురు బద్ద ముందుగా ఆడపిల్లల చేతికే ఇవ్వండి.

కట్టడం అయ్యాక, ఏం వాడారో, ఎక్కడ విరిగిందో, ఎలా సరిచేశారో ఒక నోటుబుక్కులో బొమ్మలతో రాయించండి. మిగతా పుస్తకాలకు వేసినట్టే దానికీ నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, అలమరలో పెట్టండి. వచ్చే ఏడాది పిల్లలు దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటారు.

సెలవు.