పైన ఆకాశం, పైన తాటాకు

శ్రోతలకు నమస్కారం. మధ్యాహ్నం వీపు చుర్రుమనే ఎండ, తెల్లవారుజామున పళ్ళు టకటకలాడే చలి. జనవరి వచ్చిందంటే వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఇదే వరస. అంత ఎండ కాసింది కదా, ఆ వేడంతా ఎటు పోయింది?

నాకు జవాబు మిర్చి కల్లంలో దొరికింది. నర్సంపేట దగ్గర మా మేనమామకు మిర్చి తోట ఉంది. ఒక చలికాలం కల్లం కావలికి నన్నూ తోడు తీసుకెళ్ళాడు. చుక్కలు బాగా కనబడతాయని నేను మంచం ఆరుబయట వేసుకున్నాను. మామ పందిరి కింద వేసుకున్నాడు. నాలుగు గుంజలు, పైన తాటాకు, అంతే. గోడ లేదు, తడిక లేదు. తెల్లారి నా గొంగడి మీద చెయ్యి పెడితే చెయ్యి తడిసింది. మామ దుప్పటి పొడిగా ఉంది! రెండు మంచాల మధ్య పది అడుగులు లేవు. అదే చేను, అదే గాలి. నాకు పైన ఆకాశం, మామకు పైన తాటాకు.

నేల ఎప్పుడూ వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. పగలూ వదులుతుంది, రాత్రీ వదులుతుంది. పగలు ఎండ రాబడి ఎక్కువ కాబట్టి ఆ ఖర్చు మనకు తెలియదు. పొద్దు గూకితే రాబడి బందు, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. మబ్బుంటే ఆ వేడిని పట్టుకొని కొంత మళ్ళీ కిందికి పంపిస్తుంది. మామకు పందిరి చేసిందీ అదే. మబ్బు లేక, గాలి ఆడక, తేమ కూడా తక్కువగా ఉంటే ఇక వేడికి అడ్డేముంది? పైగా ఈ రోజుల్లో మనకు రాత్రి దాదాపు 13 గంటలు. 13 గంటలూ ఖర్చే! అందుకే చలి అర్ధరాత్రి కన్నా పొద్దుపొడుపు వేళకు ముదురుతుంది. అదే బంగాళాఖాతంలో తుపాను లేచి మబ్బు కమ్మితే, డిసెంబరులోనూ దుప్పటి తన్నేస్తాం.

"మంచు పడింది" అంటాం. నేనూ అంటాను. కానీ ఆ తడి పైనుంచి పడేది కాదు. గొంగడో, ఆకో, బండి సీటో బాగా చల్లబడితే, చుట్టూ గాలిలో ఉన్న కాస్త తేమే దాని మీద బొట్లు కడుతుంది. ఆరబోసిన మిర్చి మీదా అంతే. తడిసిన కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో ఆ తేడా ధరలో కనిపిస్తుంది.

కాబట్టి రైతులకు ఒక్క మాట. సాయంత్రం ఆకాశం తేటగా ఉంటే, పొద్దు గూకకముందే కాయను కుప్ప చేసి పట్టా కప్పండి. పొద్దున పట్టా మీద నీళ్ళు నిలిచి ఉంటాయి. మామ దాన్ని అంచు నుంచి మెల్లగా మడుస్తూ, నీళ్ళు పక్కకు వంచేవాడు. నేను ఒకసారి గబుక్కున గుంజి, ఆ నీళ్ళన్నీ కుప్ప మీదే గుమ్మరించి తిట్లు తిన్నాను.